82 ఏళ్ల వయసులో లోబెక్టమీ: ఏ లింఫ్ గ్రంథులు తీయాలి, ఏవి వదలాలి

ఊపిరితిత్తి క్యాన్సర్‌కి లోబెక్టమీ, అంటే కణితి ఉన్న లోబుని (ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని) తీసేసే ఆపరేషన్, చేసిన ఒక పెద్దావిడ కథ ఇది. వయసు 82. మల్కాజ్‌గిరిలో కొడుకు దగ్గర, రెండో అంతస్తులో ఉంటారు. జీవితంలో పొగ తాగింది లేదు, కానీ నలభై ఏళ్ల పాటు కట్టెల పొయ్యి మీదే వంట. నడివయసులో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో టీబీకి మందులు పూర్తిగా వాడారు. కంటి శుక్లం ఆపరేషన్‌కి ఫిట్‌నెస్ కోసం తీసిన ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ కనిపించింది. దగ్గు లేదు, బరువు తగ్గలేదు. బీపీకి మెటోప్రొలాల్, ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. వినికిడి యంత్రం ఉంది. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాం.

సీటీలో కుడి పై లోబులో 2.6 సెం.మీ. గట్టి కణితి. రెండో, మూడో సెగ్మెంట్ల సరిహద్దు మీదే కూర్చుంది. పెట్ సీటీలో కణితి ఎస్‌యూవీ (స్కాన్‌లో ఎంత వెలుగుతోందో చెప్పే కొలత) 7.2. శ్వాసనాళం పక్కన 4ఆర్ స్టేషన్‌లో (స్టేషన్ అంటే ఛాతీలో లింఫ్ గ్రంథులు ఉండే చోటు, దానికో నంబరు; ఆర్ అంటే కుడి) 11 మి.మీ. గ్రంథి, ఎస్‌యూవీ 4.1. కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) కింద 7వ స్టేషన్‌లో 12 మి.మీ. గ్రంథి, అంచుల్లో సున్నం, ఎస్‌యూవీ 3.8. హైలం (ఊపిరితిత్తి మొదలు) దగ్గర 10ఆర్‌లో సున్నం కట్టిన గ్రంథి ఒకటి. మెదడు ఎంఆర్ఐ బాగుంది. సూది బయాప్సీలో అడినోకార్సినోమా (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఒక రకం), ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో ఎల్858ఆర్ మ్యుటేషన్ పాజిటివ్.

టీబీ వచ్చి పోయినవాళ్లలో, పొయ్యి పొగలో బతికినవాళ్లలో పెట్ స్కాన్‌లో గ్రంథులు వెలగడం మాకు రోజూ కనిపించేదే. అందుకే స్కాన్ చూసి ఎన్2 (ఛాతీ మధ్య గ్రంథులకి క్యాన్సర్ పాకింది) అని రాసేయం. ఈబస్ (శ్వాసనాళం లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేయడం) చేసి 4ఆర్, 7, 11ఆర్ స్టేషన్ల నుంచి ఒక్కోదానికి మూడేసి సార్లు సూదితో తీశాం. మూడింట్లోనూ లింఫోసైట్లు, నల్లటి మసి, అక్కడక్కడ గ్రాన్యులోమాలు (టీబీ లాంటివి మిగిల్చే కణాల ముద్దలు). క్యాన్సర్ కణాలు లేవు, టీబీ కోసం చేసే జీన్ ఎక్స్‌పర్ట్ నెగెటివ్. అంటే ఆపరేషన్‌కి ముందు లెక్క ప్రకారం టీ1సీ (2 నుంచి 3 సెం.మీ. కణితి) ఎన్0 (గ్రంథుల్లో క్యాన్సర్ లేదు), స్టేజ్ 1ఏ3.

ఆపరేషన్ తట్టుకుంటారా

ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో గట్టిగా ఊదగలిగే గాలి) 1.12 లీటర్లు, ఆ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సినదాంట్లో 84 శాతం. డీఎల్‌సీఓ (ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) 68 శాతం. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 సెగ్మెంట్లు, కుడి పై లోబులో 3. ఆ లోబు తీసేస్తే మిగిలేది 19లో 16 వంతులు: ఎఫ్‌ఈవీ1 84 × 16 ÷ 19 = సుమారు 71 శాతం, డీఎల్‌సీఓ 68 × 16 ÷ 19 = సుమారు 57 శాతం. రెండూ 60 పైన ఉంటే నేరుగా ముందుకెళ్లొచ్చు. ఒకటి 60 కింద, 30 పైన ఉంది కాబట్టి షటిల్ వాక్ (రెండు గుర్తుల మధ్య వేగం పెంచుతూ నడిపించే పరీక్ష) పెట్టాం. కావాల్సింది 400 మీటర్లు, ఆమె నడిచింది 310. దాంతో సీపెట్ (వ్యాయామం చేయిస్తూ ఆక్సిజన్ వాడకం కొలిచే పరీక్ష) చేయించాం. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలోకి నిమిషానికి 14.6 మి.లీ. పది కిందికి పడితే ఆపరేషన్ మాట మానుకోవాలి, ఇరవై దాటితే ధైర్యంగా వెళ్లొచ్చు. ఈమెది మధ్యస్థ రిస్క్.

ఊపిరితిత్తుల లెక్క కంటే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినవి వేరే ఉన్నాయి. బరువు 48 కిలోలు, ఆల్బ్యుమిన్ 3.4, హిమోగ్లోబిన్ 10.6, ఫెరిటిన్ 14. నాలుగు మీటర్లు నడవడానికి 4.7 సెకన్లు, అంటే సెకనుకు 0.85 మీటర్లు. ఇది ఫర్వాలేదు. క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ (వృద్ధుల బలహీనతని కొలిచేది) మీద 3. మినీ కాగ్ (జ్ఞాపకశక్తి పరీక్ష) అయిదుకి నాలుగు. క్రియాటినిన్ 0.9 అని చూసి కిడ్నీలు బాగున్నాయనుకోకూడదు. వయసు, బరువు పెట్టి లెక్కేస్తే క్లియరెన్స్ (కిడ్నీల వడపోత) నిమిషానికి 36 మి.లీ. మాత్రమే. ఈ ఒక్క అంకె తర్వాత చాలా నిర్ణయాలను శాసించింది.

కణితికే గురిపెట్టే రేడియేషన్, అంటే ఎస్‌బీఆర్‌టీ, ఇంకో దారి. ట్యూమర్ బోర్డులో దాని గురించి చాలాసేపు మాట్లాడాం. ఆ దారిలో కణితి కాలుతుంది గానీ గ్రంథుల్లో ఏముందో తెలియదు. ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ ఉన్న రోగికి ఆ సమాచారం చాలా విలువైనది. 2.6 సెం.మీ. ఎన్0 అయితే స్టేజ్ 1ఏ3, ఆపరేషన్ తర్వాత ఏ మందూ అక్కర్లేదు. గ్రంథిలో క్యాన్సర్ ఉంటే మూడేళ్లు ఒసిమెర్టినిబ్ (ఆ మ్యుటేషన్ ఉన్న క్యాన్సర్ మీద పనిచేసే మందు) మాత్రలు. అడౌరా ట్రయల్‌లో స్టేజ్ 1బీ నుంచి 3ఏ వరకు ఉన్నవాళ్లలో ఆ మాత్ర వాడినవారు అయిదేళ్ల తర్వాత 88 శాతం మంది బతికి ఉన్నారు, డమ్మీ మాత్ర వాడినవారు 78 శాతం. కీమో ఇవ్వలేని వయసులో కూడా రోజుకో మాత్ర ఇవ్వగలం.

సెగ్మెంటెక్టమీ (లోబు మొత్తం కాక ఒక సెగ్మెంట్ మాత్రమే తీయడం) ఎందుకు కాదని కొడుకు అడిగారు. ఆ ఆపరేషన్‌కి బలమైన ఆధారం 2 సెం.మీ. లోపు కణితులకే ఉంది. పైగా ఇది రెండు సెగ్మెంట్ల సరిహద్దులో ఉండడంతో సరిపడా మార్జిన్ (కణితి చుట్టూ తీసే మంచి భాగం) రాదు. పెద్దావిడ మాత్రం ఒక్కటే అన్నారు: "చేస్తే ఒక్కసారే చెయ్యున్రి సారూ, మల్ల మల్ల కొయ్యకున్రి."

మూడు వారాలు సిద్ధం చేశాం. మే నెల ఎండలు కాబట్టి నడక పొద్దున అయిదున్నరకి, కాలనీ పార్కులోనే, ఇరవై నిమిషాలు. స్పైరోమీటర్ గంటకి పదిసార్లు. ప్రొటీన్ రోజుకి 60 నుంచి 70 గ్రాములు: రెండు గుడ్లు, పెసరట్టు, పప్పు, పెరుగు, సాయంత్రం ప్రొటీన్ పొడి. ఐరన్ మాత్రలు ఇంత తక్కువ వ్యవధిలో పని చేయవు, అందుకని ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 500 మి.గ్రా. వారం తేడాతో రెండుసార్లు నరంలోకి ఇచ్చాం. ఈ వయసులో ఐరన్ తగ్గిందంటే పేగుల్లో రక్తం పోతోందేమో కూడా చూడాలి. మల పరీక్ష రెండుసార్లు నెగెటివ్. హిమోగ్లోబిన్ 11.5కి వచ్చింది.

గ్రంథుల విషయంలో ముందే వేసుకున్న ప్లాన్

ఎనభై దాటినవారికి గ్రంథుల జోలికి పోకుండా లోబు తీసి బయటపడాలనే వాదన ఒకటి ఉంది. చిన్నవాళ్లకి చేసినట్టే అన్ని స్టేషన్లూ ఖాళీ చేయాలనే వాదన మరొకటి. మేం రెండింటితోనూ ఏకీభవించం. ముసలి శరీరాన్ని దెబ్బతీసేది గ్రంథుల సంఖ్య కాదు. గ్రంథుల చుట్టూ ఉన్నవాటికి తగిలే గాయం: శ్వాసనాళానికి రక్తం ఇచ్చే బ్రాంకియల్ ధమని, వేగస్ నరం కొమ్మలు, డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరం, సన్నటి లింఫ్ నాళాలు. కాబట్టి కణితి ఉన్న లోబు నుంచి లింఫ్ ముందుగా ఎటు పారుతుందో ఆ స్టేషన్లను పూర్తిగా తీయాలి, దూరంగా ఉన్నవాటిని శాంపిల్ చేయాలి, ప్రమాదం ఎక్కువై ఫలితం తక్కువగా ఉన్నవాటిని ముట్టుకోకూడదు.

కుడి పై లోబుకి ఆ ప్రకారం 10ఆర్, 11ఆర్, 2ఆర్, 4ఆర్ పూర్తిగా. 7 నుంచి ఒక గ్రంథి చితక్కుండా. 8, 9 వద్దు. అమెరికా కమిషన్ ఆన్ క్యాన్సర్ ప్రమాణం 5.8 ప్రకారం మీడియాస్టైనంలో (రెండు ఊపిరితిత్తుల మధ్య భాగంలో) కనీసం మూడు వేర్వేరు స్టేషన్లు, హైలంలో కనీసం ఒకటి ఉండాలి. ఈ ప్లాన్‌తో అది కూడా నెరవేరుతుంది.

ఆపరేషన్

ఎత్తు 148 సెం.మీ. కాబట్టి ఎడమవైపు 32 ఫ్రెంచ్ డబుల్ ల్యూమెన్ ట్యూబ్ (రెండు ఊపిరితిత్తులకీ విడివిడిగా గాలి ఇచ్చే గొట్టం). ఒక ఊపిరితిత్తి మీద నడుపుతున్నప్పుడు టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి ఇచ్చే గాలి) 200 మి.లీ. దీన్ని అసలు బరువు బట్టి కాక ఎత్తు బట్టి లెక్కేసిన బరువుకి కిలోకి 5 మి.లీ. చొప్పున వేశాం. పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తిలో నిలిపే ఒత్తిడి) 5. మొత్తం ఫ్లూయిడ్ 700 మి.లీ. నొప్పి తెలియకుండా వెన్నుపూస పక్కన పారావెర్టిబ్రల్ కాథెటర్ పెట్టి బూపివకైన్ 0.25 శాతం 20 మి.లీ. ఇచ్చాం. వీడియో పద్ధతిలో మూడు రంధ్రాలు, పెద్దది 4 సెం.మీ. పైకొనలో టీబీ అతుకులు విడదీయడానికే నలభై నిమిషాలు పట్టింది.

హైలంలో 10ఆర్ గ్రంథి, పై లోబు శ్వాసనాళానికీ పల్మనరీ ధమని మొదటి కొమ్మకీ మధ్య రాయిలా ఇరుక్కుని ఉంది. ఈ ఆపరేషన్‌లో ప్రాణం మీదికి వచ్చే ఘట్టం ఇదే. సున్నం కట్టిన గ్రంథిని పట్టుకుని లాగితే ధమని పైపొర దాంతోపాటు ఊడి వస్తుంది. ఎనభై ఏళ్ల ధమని గోడ తడిసిన కాగితం లాంటిది, కుట్టు వేస్తే ఇంకా చిరుగుతుంది. అందుకే ముందుగా ప్రధాన ధమని చుట్టూ టేపు వేసి, అవసరమైతే బిగించడానికి సిద్ధంగా ఉంచుకున్నాం. తర్వాత గ్రంథి తొడుగుని చీల్చి, లోపలి సున్నాన్ని చిన్న క్యూరెట్‌తో తోడి, ధమనికి అతుక్కున్న పలుచటి పెంకుని అక్కడే వదిలేశాం. ఆ పెంకు కోసం పట్టుబట్టి ఉంటే రక్తస్రావమై ఛాతీ తెరవాల్సి వచ్చేది. తోడిన పదార్థం, తొడుగు ముక్క పాథాలజీకి వెళ్లాయి.

4ఆర్ దగ్గర హద్దులు తెలిస్తే సగం పని అయినట్టే. ముందు సుపీరియర్ వీనా కావా (పై శరీరం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర), వెనక శ్వాసనాళం, కింద అజైగస్ సిర, లోపలి వైపు బృహద్ధమని మీది పెరికార్డియం. ఈ పెట్టెలోని కొవ్వునూ గ్రంథుల్నీ ఒకే మూటగా తీయాలి, ఒక్కో గ్రంథిని ఏరుకుంటూ పోకూడదు. మసి పట్టిన గ్రంథులు మెత్తగా ఉంటాయి, గ్రాస్పర్ బిగిస్తే పగిలి నల్లటి నీరు కారుతుంది. చుట్టూ ఉన్న కొవ్వునే పట్టుకోవాలి. వీనా కావా మీదుగా ఫ్రెనిక్ నరం దిగుతుంది, దానికి దూరంగా ప్లూరాని (ఛాతీ లోపలి పొరని) కోస్తాం. ఈ మూట నుంచి సన్నటి సిర ఒకటి నేరుగా వీనా కావాలోకి వెళ్తుంది. కనిపించకపోతే మూట ఎత్తగానే తెగి, వీనా కావా నుంచే రక్తం కారుతుంది. దాన్ని వెతికి క్లిప్ వేశాం. పైన 2ఆర్ వరకు వెళ్లినా సబ్‌క్లేవియన్ ధమని అంచున ఆగాం, స్వరాన్ని నడిపే కుడి రికరెంట్ నరం మెలితిరిగేది అక్కడే.

మూటలో పెట్ స్కాన్‌లో వెలిగిన 11 మి.మీ. గ్రంథిని వేరు చేసి, 10ఆర్‌తో కలిపి ఫ్రోజెన్‌కి (ఆపరేషన్ మధ్యలోనే ముక్కని గడ్డకట్టించి చూసే త్వరిత పరీక్షకి) పంపాం. ఫలితం రావడానికి పట్టే అరగంట వృథా పోకుండా పై సిర, ధమని మొదటి కొమ్మ స్టాప్లర్‌తో విడదీశాం. జవాబు వచ్చింది: రెండూ గ్రాన్యులోమాలు, క్యాన్సర్ లేదు.

దాంతో 7వ స్టేషన్ దగ్గర ప్లాన్ ప్రకారమే, వెనక ప్లూరాని తెరిచి, వేగస్ మూలాన్ని పక్కకి జరిపి, కింది గ్రంథి ఒక్కటి చితక్కుండా తీశాం. బ్రాంకియల్ ధమని కొమ్మకి క్లిప్ గ్రంథి వైపే పడేలా, శ్వాసనాళపు పొరకి దూరంగా వేశాం. ఈ స్టేషన్‌ని పూర్తిగా తుడిచిపెట్టినప్పుడు కుడి ప్రధాన శ్వాసనాళానికి రక్తం తగ్గుతుంది. బక్కచిక్కిన రోగిలో కుట్టిన మొదలు మానకపోతే వచ్చే బ్రాంకోప్లూరల్ ఫిస్టులా (శ్వాసనాళం నుంచి ఛాతీలోకి గాలి కారే రంధ్రం) లోబెక్టమీ కంటే పెద్ద జబ్బు.

11ఆర్, లోబు తీసి, మార్జిన్ చూసుకున్నాక ఒక 28 ఫ్రెంచ్ డ్రెయిన్ పెట్టాం. మొత్తం 3 గంటల 10 నిమిషాలు. రక్తం పోయింది 120 మి.లీ.

ఒక్కో స్టేషన్‌కి వేరే డబ్బా, డబ్బా మీద స్టేషన్ నంబరు, లోపల ఎన్ని ముక్కలు ఉన్నాయో చీటీ మీద రాయాలి. అన్నీ ఒకే డబ్బాలో వేసి "మీడియాస్టైనల్ నోడ్స్" అని రాసి పంపే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. అలా వెళ్తే ఒక గ్రంథి నాలుగు ముక్కలై వస్తే నాలుగు గ్రంథులుగా లెక్క పడుతుంది, ఏ స్టేషన్‌దో ఎప్పటికీ తేలదు.

వార్డులో

మొదటి రోజు యూరిన్ కాథెటర్ తీసేసి, కుర్చీలో కూర్చోబెట్టాం. వినికిడి యంత్రం, కళ్లద్దాలు రికవరీ గదిలోనే తిరిగి ఇచ్చాం. రాత్రి కూతురు పక్కనే ఉన్నారు. నిద్రకి ఆల్ప్రజోలామ్ గానీ, దురదకో చలికో అవిల్ ఇంజెక్షన్ గానీ వద్దని చార్టు మీద ఎర్ర ఇంకుతో రాశాం. వృద్ధుల్లో మతిభ్రమకి ఆ రెండూ తరచూ కారణమవుతాయి. నొప్పికి రోపివకైన్ 0.2 శాతం గంటకి 5 మి.లీ., పారాసిటమాల్ 650 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి. కిడ్నీల లెక్క తెలుసు కాబట్టి డైక్లోఫెనాక్ ఊసెత్తలేదు. ఆమె తికమక పడలేదు.

రెండో రాత్రి గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, నిమిషానికి 140, బీపీ 104/60. ఊపిరితిత్తి ఆపరేషన్ల తర్వాత రెండు, మూడు రోజుల్లో ఇది వస్తుందని తెలిసిందే. వయసు, మీడియాస్టైనంలో నరాల కదలిక రెండూ దీనికి దోహదం చేస్తాయి. ఇక్కడ మా పొరపాటు కూడా ఉంది. ఆపరేషన్ రోజు రాసిన "నోటి ద్వారా ఏమీ వద్దు" అనే ఆర్డర్ మర్నాడు కూడా అలాగే ఉండిపోయి, ఆమె రోజూ వేసుకునే మెటోప్రొలాల్ పడలేదు. పొటాషియం 3.4, మెగ్నీషియం 1.6. రెండూ సరిదిద్ది మెటోప్రొలాల్ మళ్లీ మొదలుపెట్టాక 11 గంటల్లో లయ కుదుటపడింది.

మూడో రోజు పెరుగన్నం, కొంచెం నెయ్యి వేసిన పప్పు తిన్నారు. సాయంత్రానికి డ్రెయిన్‌లో రంగు మారింది. అప్పటిదాకా ఎరుపు కలిసిన పసుపు నీరు, ఇప్పుడు పల్చటి మజ్జిగలా. ఆ 24 గంటల్లో 420 మి.లీ. ట్రైగ్లిజరైడ్లు 186 (110 దాటితే అది కైల్, అంటే పేగుల నుంచి కొవ్వు మోసుకొచ్చే లింఫ్ ద్రవం, అనే అర్థం). వీడియో రికార్డింగ్ వెనక్కి తిప్పి చూస్తే 4ఆర్ మూట పై చివర ఒక నాళాన్ని క్లిప్ లేకుండా హార్మోనిక్ అనే అల్ట్రాసోనిక్ కత్తితోనే కోసినట్టు కనిపించింది. చిన్నవాళ్లలో అలాంటి నాళం తనంతట మూసుకుపోవచ్చు. ఎనభైల్లో ఆ నమ్మకం పెట్టుకోకూడదు, మూట పైనా కిందా ప్రతి పోగుకీ క్లిప్ పడాల్సిందే.

రోజుకి లీటరు దాటితే, లేదా ఆహారం మార్చినా తగ్గకపోతే మళ్లీ ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఇది అంత లేదు కాబట్టి కొవ్వు ఆపేశాం. కొవ్వు లేని ఆహారం అని డైట్ చార్టులో రాస్తే మన ఇళ్లలో ఏం చేయాలో తెలియదు, అందుకని విడమరిచి చెప్పాం. ఇడ్లీ, అన్నం, మీగడ తీసిన పాల పలుచటి మజ్జిగ, తాలింపు లేని పప్పు, చారు, గుడ్డు తెల్లసొన, పండ్లు తినొచ్చు. నెయ్యి, పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, గుడ్డు పచ్చసొన, మామూలు పాలు వద్దు. ఎంసీటీ నూనె (లింఫ్ దారి పట్టకుండా నేరుగా రక్తంలోకి వెళ్లే కొవ్వు) అంటే కొబ్బరి నూనే కదా అని కుటుంబాలు వాడేస్తుంటాయి, అది సరికాదు. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, అది చాలావరకు పొడవాటి కొవ్వులాగే లింఫ్ దారినే వెళ్తుంది. ఫార్మసీలో దొరికే ఎనిమిది, పది కార్బన్ల ఎంసీటీ నూనె వేరు. దాన్నే చెంచాడు చొప్పున ఇచ్చాం. కైల్ తగ్గించడానికి ఇచ్చే ఆక్ట్రియోటైడ్ వాడలేదు, లయ తప్పి అప్పుడే కోలుకున్న గుండెని మళ్లీ నెమ్మదింపజేసే ప్రమాదం ఉంది. 420 నుంచి 310, 180, 90. తొమ్మిదో రోజు డ్రెయిన్ తీసి, పదో రోజు ఇంటికి పంపాం. రెండు వారాలు అదే ఆహారం.

పాథాలజీ చెప్పింది

కణితి 2.5 సెం.మీ., ప్లూరాకి పాకలేదు, మార్జిన్లు శుభ్రం. 10ఆర్, 11ఆర్, 7 నెగెటివ్. 2ఆర్‌లో రెండు గ్రంథులు, నెగెటివ్. 4ఆర్ మూటలో మొత్తం ఆరు గ్రంథులు. వెలిగిన 11 మి.మీ. గ్రంథిలో మసి, గ్రాన్యులోమాలు తప్ప ఏమీ లేవు. దాని పక్కనే, స్కాన్‌లో అసలు వెలగని 6 మి.మీ. గ్రంథిలో 3 మి.మీ. క్యాన్సర్ ముక్క ఉంది. గ్రంథి పొర దాటి బయటికి రాలేదు.

ఈబస్ సూది వెళ్లిందీ, మేం ఫ్రోజెన్‌కి పంపిందీ పెద్ద గ్రంథికే. అనుమానం ఉన్న ఒక్క గ్రంథినే తీసుకుని వచ్చేసి ఉంటే ఈ రోగి కాగితం మీద ఎన్0గా మిగిలేవారు. గ్రంథుల్ని శాంపిల్ చేయడాన్నీ పూర్తిగా తీయడాన్నీ పోల్చిన ఎకోసాగ్ జెడ్0030 ట్రయల్‌లో శాంపిల్ చేసినప్పుడు నెగెటివ్ వచ్చినవారిలో పూర్తిగా తీస్తే దాదాపు 4 శాతం మందిలో దాక్కున్న ఎన్2 బయటపడింది. ఆ ట్రయల్‌లో పూర్తిగా తీసినందుకు అదనంగా పట్టింది పావుగంట. అయిదేళ్లకి వ్యాధి తిరిగిరానివారు 69, 68 శాతం, అంటే రెండు వర్గాల మధ్య తేడా లేదు. ఆ ఫలితం చూసి గ్రంథులు పూర్తిగా తీయనక్కర్లేదనేవారికి మేం చెప్పేది ఇదే: ఆ రోగుల్ని చేర్చుకున్నది 1999 నుంచి 2004 మధ్య. దాక్కున్న ఎన్2 దొరికినా అప్పట్లో దానికి తగ్గ మాత్ర లేదు. మన దగ్గర అడినోకార్సినోమా రోగుల్లో నాలుగోవంతు లేదా అంతకంటే ఎక్కువమందికి ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ ఉంటున్నప్పుడు ఆ 4 శాతం మాటకి విలువ మారింది.

క్యాన్సర్ దశలు నిర్ణయించే టీఎన్ఎం తొమ్మిదో ఎడిషన్ ప్రకారం టీ1సీ ఎన్2ఏ (ఎన్2 ఒకే స్టేషన్‌లో), స్టేజ్ 2బీ. ఎనిమిదో ఎడిషన్‌లో ఇదే 3ఏ. క్లియరెన్స్ 36తో సిస్‌ప్లాటిన్ కుదరదు, ఇతర కీమో ఆమె వద్దన్నారు. ఆపరేషన్ తర్వాతి రేడియేషన్‌ని పరీక్షించిన లంగ్ ఆర్ట్ ట్రయల్ తర్వాత ఎన్2 అందరికీ మీడియాస్టైనం రేడియేషన్ ఇవ్వడం మానేశాం. ఈసీజీలో క్యూటీసీ (గుండె విద్యుత్ చక్రంలో ఒక వ్యవధి) 438, ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం చూసుకుని ఏడో వారంలో ఒసిమెర్టినిబ్ 80 మి.గ్రా. మొదలుపెట్టాం.

మా నిర్ణయంలో బలహీనమైన చోటు 7వ స్టేషన్. ఫ్రోజెన్ నెగెటివ్ అన్న మాట మీద ఒక్క గ్రంథితో ఆగాం. ఫ్రోజెన్‌లో చూసేది పెద్ద గ్రంథి ఒక కోత ముఖమే, పక్కనున్న చిన్నదాని సంగతి అది చెప్పదు. ఇప్పుడు ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్ రోగుల్లో 4ఆర్ మూట నుంచి పెద్దదాంతోపాటు ఇంకో రెండు చిన్న గ్రంథుల్ని కూడా ఫ్రోజెన్‌కి పంపుతున్నాం, మిగతావాటిని 2 మి.మీ. ముక్కలుగా కోసి చూడమని చీటీ మీద రాస్తున్నాం.

ఆరు నెలల సీటీలో కొత్తగా ఏమీ లేదు. కెరీనా కింద తీయకుండా వదిలిన మరో గ్రంథి 9 మి.మీ., మొదటి స్కాన్‌లో ఎంతుందో అంతే ఉంది. కాలి బొటనవేలి గోరు చుట్టూ వాపు వచ్చి, ఉప్పునీటి కాపడం, పూత మందుతో తగ్గింది. విరేచనాలు రోజుకి రెండు. బరువు 47. రెండో అంతస్తుకి మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతున్నారు. తర్వాతి స్కాన్‌లో అన్నిటికంటే ముందు చూసేది ఆ 9 మి.మీ. గ్రంథినే.